జూలియా టోపీ, మిసెస్ బీస్లీ కళ్ళజోడు: పది నెలల సేకరణ చిట్టా

గత సెప్టెంబరులో ఈ చిట్టా రాయడం మొదలుపెట్టేనాటికి నా దగ్గర ఒక్క బొమ్మే ఉండేది. అది ‘ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ’లోని జీనీ వేషంలో మాటెల్ సంస్థ 2000 సంవత్సర ప్రాంతంలో విడుదల చేసిన బార్బీ. 1990ల చివర్లో, మేము విజయవాడలో ఉన్న రోజుల్లో, సోనీ ఛానల్లో ఆ ధారావాహిక హిందీ డబ్బింగ్‌తో వచ్చేది. జీనీ మాతృభాష హిందీయే అని చాలాకాలం నమ్మిన నాకు, అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి వచ్చిన తరువాత ఒక పాత వస్తువుల దుకాణంలో ఆ గులాబిరంగు దుస్తుల బొమ్మ 40 డాలర్లకు కనిపించేసరికి వదిలి రాబుద్ధి కాలేదు. ఇప్పుడు నా అలమరలో ఐదు బొమ్మలున్నాయి. వాటికైన ఖర్చు 204 డాలర్లు కాగా, వాటికి లేని టోపీలు, చెప్పులు, కళ్ళజోళ్ళ కోసం పెట్టినది మరో 105 డాలర్లు. ఈ రెండో లెక్క గురించి ముందుగా నాకెవరూ చెప్పలేదు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

అలమరలో ఉన్న చోటు కొద్దిగానే కనుక, 1960లు, 70ల నాటి అమెరికన్ హాస్య ధారావాహికల పాత్రలకే పరిమితం కావాలని నిర్ణయించుకున్నాను. వాటిలో నేను మొదట కోరుకున్నది ‘బివిచ్డ్’లోని సమంతా. ఐడియల్ సంస్థ 1965లో చేసిన ఆ బొమ్మ ఎర్రని దుస్తులు, టోపీ, చీపురుకట్టతో సహా దొరకాలంటే వందల డాలర్లు పెట్టాలి. చీపురు లేని బొమ్మ చవకగా వస్తుంది గాని, చీపురు లేని మంత్రగత్తెను కొని ఆ తరువాత ఏళ్ళ తరబడి చీపురు కోసం వెతకడం నాకు నచ్చలేదు. అందువల్ల నవంబరులో, మాటెల్ తరువాతి కాలంలో చేసిన సమంతా బార్బీతో 35 డాలర్లకే సరిపెట్టుకున్నాను.

అంతకుముందు, అక్టోబరులో, జూలియా వచ్చింది. ‘జూలియా’ ధారావాహిక ఎన్‌బీసీ టీవీ ఛానల్లో 1968 సెప్టెంబరు 17న మొదలై 1971 వరకు నడిచింది. భర్తను వియత్నాం యుద్ధంలో పోగొట్టుకుని, కొడుకును ఒంటరిగా పెంచుకునే నర్సుగా అందులో డయాన్ క్యారల్ నటించింది. అప్పటిదాకా టీవీలో నల్లజాతి స్త్రీకి పనిమనిషి వేషమే ఎక్కువగా దక్కేది కనుక, చదువుకుని ఉద్యోగం చేసే ఈ పాత్రకు అంత పేరు వచ్చింది. 1969లో మాటెల్ చేసిన బొమ్మ ఎత్తు పదకొండున్నర అంగుళాలు. నడుము తిరుగుతుంది, మోకాళ్ళు వంగుతాయి. నేను 62 డాలర్లకు కొన్న బొమ్మను అమ్మకందారు 1966 నాటిదని రాశారు. తుంటి మీద ఆ సంవత్సరం అచ్చయి ఉన్న మాట నిజమే గాని, అది ఆ శరీరపు అచ్చుకు హక్కులు నమోదైన సంవత్సరమే తప్ప బొమ్మ తయారైన సంవత్సరం కాదు. ధారావాహికే 1968లో మొదలైనప్పుడు, దాని బొమ్మ 1966లో ఎలా పుడుతుంది?

పెట్టె తెరిచాక కిటికీ దగ్గర చూస్తే జుట్టు నల్లగా కాక, గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రగా మెరిసింది. మొదట మోసపోయాననుకున్నాను. తరువాత తెలిసిందేమిటంటే, కాలం గడిచేకొద్దీ ఆ పోగుల్లోని నల్లరంగు మారి ఎరుపు తేలడం ఈ బొమ్మల్లో చాలా మామూలు విషయం. గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి జుట్టు కడిగాను. దుమ్ము పోయింది గాని రంగు తిరిగి రాలేదు, రాదు కూడా. కొందరు రంగు వేయిస్తారు. అది ముఖపు వినైల్‌కు, అంటే మెత్తని ప్లాస్టిక్‌కు, అంటుకుంటే వదలదన్న భయంతో నేను ఆ పనికి పూనుకోలేదు. ఇప్పుడా ఎరుపే నాకు అలవాటైంది.

నర్సు దుస్తుల్లో తొలినాటివి రెండు భాగాలుగా, తరువాతివి ఒకే గౌనుగా ఉంటాయి. నాది రెండు భాగాలది. పసుపురంగుకు తిరిగిన ఆ దుస్తులను క్లోరిన్ లేని, ఆక్సిజన్ రకపు బ్లీచ్ పొడి కలిపిన గోరువెచ్చని నీటిలో రాత్రంతా నానబెట్టి, మూడుసార్లు జాడించి, నొక్కు గుండీలు తుప్పు పట్టకుండా వెంటనే గుడ్డతో అద్ది ఆరబెట్టాను. తెలుపు ఎనభై పాళ్ళు తిరిగి వచ్చింది. టోపీ మాత్రం లేదు. కొత్తగా కుట్టి అమ్మేవి చాలా ఉన్నాయి గాని, అసలుది 33 డాలర్లకు దొరకడానికి జనవరి నెలాఖరు దాకా పట్టింది. చెప్పులకు 19 డాలర్లయ్యాయి.

ఈ మధ్యలో సంక్రాంతి వచ్చింది. బొమ్మల కొలువులో ఈ ముగ్గురినీ పెట్టవచ్చా అని వీడియోలో అడిగితే, దేవుళ్ళ వరుసలో కాకుండా కింది మెట్టు మీద సంతలో నిలబెట్టమని అమ్మ తేల్చి చెప్పింది. అలాగే పెట్టాను గాని, కొండపల్లి బొమ్మలకు ఆనించలేదు. వినైల్‌ను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఏళ్ళు గడిచేకొద్దీ పైకి ఊరుతుంది. అది తగిలితే పొణికి కర్ర మీది రంగు మెత్తబడి ఊడిపోయే ప్రమాదం ఉంది. రెండు బొమ్మల మధ్య రెండు వేళ్ళ ఎడం ఉంచడం అప్పటి నుండి నా అలవాటు. ఎర్రని, నల్లని దుస్తులున్న బొమ్మల ఒంటికీ బట్టకూ మధ్య ఆమ్లం లేని పలుచని కాగితం పెడతాను, లేకపోతే బట్ట రంగు ఒంటికి దిగుతుంది.

ఫిబ్రవరిలో ఒక ఎస్టేట్ సేల్‌లో, అంటే ఒక ఇంటి సామానంతా అమ్మకానికి పెట్టిన చోట, 45 డాలర్లకు మిసెస్ బీస్లీ దొరికింది. 1966 నుండి 1971 వరకు సీబీఎస్ ఛానల్లో వచ్చిన ‘ఫ్యామిలీ అఫైర్’ ధారావాహికలో బఫీ అనే చిన్నపిల్ల ఎప్పుడూ చంకలో పెట్టుకుని తిరిగే బొమ్మ ఇది. అంటే కథలో కూడా ఇది బొమ్మే, మనిషి కాదు. 1967లో మాటెల్ దీన్ని దుకాణాల్లోకి తెచ్చింది. గుడ్డ ఒళ్ళు, వినైల్ ముఖం, తెల్లచుక్కల నీలి దుస్తులు, నల్లని కళ్ళజోడు దీని గుర్తులు. తాడు లాగితే మాట్లాడుతుంది. ఆ మాటల్లో ఒకటి తన కళ్ళజోడు పెట్టుకుని చూస్తావా అని పిల్లను పిలవడం. అలా పిలిచాక ఏ పిల్ల ఊరుకుంటుంది? ఈనాడు దొరికే మిసెస్ బీస్లీలలో ఎక్కువమందికి కళ్ళజోడు లేకపోవడానికి కారణం అదేనని నా నమ్మకం. 8 డాలర్ల నకలు కళ్ళజోడు ముక్కు మీద నిలవలేదు. మే నెలలో దొరికిన అసలు కళ్ళజోడుకు సరిగ్గా బొమ్మ ధరే, 45 డాలర్లు, ఇచ్చుకున్నాను.

నా బీస్లీ మూగది. లోపల చిన్న రికార్డును తిప్పే రబ్బరు పట్టీ యాభై ఏళ్ళలో జిగురుగా కరిగిపోయింది. వీపు కుట్టు విప్పి, మాట పెట్టెను అతుకు వెంట సన్నని రంపంతో కోసి, జిగురునంతా స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లలతో తుడిచి, పట్టీ స్థానంలో అదే చుట్టుకొలత గల రబ్బరు రింగు వేశాను. మొదటి రింగు బిగువై కదలలేదు, రెండోది జారిపోయింది, మూడోదానితో మాట వచ్చింది. కాస్త వేగంగా, చిరాకు పడుతున్న పెద్దావిడ గొంతులా వచ్చింది గాని అంతటితో ఆపేశాను. కొత్తగా కొనేవారు తాడును పరీక్ష కోసం గట్టిగా లాగవద్దు. అది తెగి లోపలికి పోతే, విప్పక తప్పదు. ఒంటి గుడ్డను కూడా తడిగుడ్డతో అద్దాలే తప్ప నీటిలో ముంచకూడదు.

జూన్‌లో వచ్చిన ఫాంజీ గురించి చెప్పవలసింది తక్కువ. ‘హ్యాపీ డేస్’ ధారావాహికలోని ఈ పాత్రకు మెగో సంస్థ 1976లో చేసిన ఎనిమిది అంగుళాల బొమ్మ, వీపు మీటను నొక్కితే చేతి బొటనవేళ్ళు పైకి లేస్తాయి. 22 డాలర్లకు వచ్చింది, మీట పనిచేస్తోంది, పోయిన భాగమేదీ లేదు.

మిగిలినది జూలియా చెప్పుల వ్యవహారం. జనవరిలో జతగా కొన్నవాటిని గత వారం భూతద్దం కింద చూస్తే, ఒకదాని అడుగున జపాన్ అన్న అక్షరాలున్నాయి, రెండోదాని అడుగు నున్నగా ఉంది, పైగా వెంట్రుక వాసి పొడవు కూడా. సెప్టెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగే పాత వస్తువుల సంతకు ఆ అక్షరాలున్న చెప్పును చిన్న డబ్బాలో వెంట తీసుకుపోతున్నాను. కావలసింది కుడికాలిది.