తాకింది, అతకలేదు

పాత టీవీ నెత్తిన ఒక్కటి చరిస్తే బొమ్మ వచ్చేది, గుర్తుందా? ఆ దెబ్బకు బాగయింది ఏమీ లేదు. లోపల డ్రై సోల్డర్ అయిన, అంటే టంకం సరిగ్గా అతకని, విడిభాగం కాలొకటి కదిలి మళ్లీ తగరాన్ని తాకేది, అంతే. ఆ జబ్బు ఇప్పటి బోర్డుల్లోనూ ఉంది. అప్పట్లో బోర్డు తిరగేస్తే కాలి చుట్టూ సన్నగా గీసినట్టు చీలిక కనిపించేది. ఇప్పుడది బీజీఏ చిప్ (కాళ్లకు బదులు అడుగున సోల్డర్ బంతులుండే చిప్) కింద, అర మిల్లీమీటరు కూడా లేని సోల్డర్ బంతి దగ్గర దాక్కుంటోంది.

బోర్డు ఫంక్షన్ టెస్ట్ పాసయింది కాబట్టి టంకం బాగున్నట్టే అనే మాట చాలా అసెంబ్లీ లైన్లలో వినిపిస్తుంది. టెస్టర్ చూసేది కరెంటు పోతోందా లేదా అనే. రెండు లోహాలూ ఒకటైపోయాయా, ఊరికే ఆనుకుని ఉన్నాయా అన్నది దానికి పట్టదు. ఆనుకుని ఉన్నవి ఫ్యాక్టరీలో పాసై, వేడికీ చలికీ సాగి ముడుచుకుని, కొన్నవాళ్ల ఇంట్లో ఊడతాయి.

వీటిలో అన్నిటికన్నా మాయదారిది ‘హెడ్ ఇన్ పిల్లో’. దిండు మీద తల ఆనినట్టు బంతి బోర్డు మీద పూసిన సోల్డర్ పేస్ట్‌లో గుంట చేసుకుని కూర్చుంటుంది, కలవదు. టంకం కరిగించే ఓవెన్‌లో వేడికి చిప్ అడుగుభాగం వంగుతుంది, ఎక్కువగా మూలల దగ్గర బంతులు పేస్ట్ మీది నుంచి పైకి లేస్తాయి. సీసం లేని ఎస్ఏసీ305 సోల్డర్‌లో 96.5 శాతం తగరం, 3 శాతం వెండి, 0.5 శాతం రాగి ఉంటాయి. ఇది 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. అప్పుడు పైన బంతీ కరుగుతుంది, కింద పేస్టూ కరుగుతుంది, కానీ దేనికదే. గాల్లో ఉన్న బంతికి పేస్ట్‌లోని ఫ్లక్స్, అంటే ఆక్సైడ్‌ను తొలగించే రసాయనం, అందదు కాబట్టి పాల మీద మీగడ కట్టినట్టు దాని మీద ఆక్సైడ్ పొర కడుతుంది. చల్లబడుతూ చిప్ మళ్లీ చదునై బంతి కిందికి దిగేసరికి ఆ పొరను చీల్చే ఫ్లక్స్ మిగలదు.

దీన్ని ఎక్స్‌రేలో నిట్టనిలువుగా చూస్తే దొరకదు. పైనుంచి మంచి బంతీ నల్లటి గుండ్రమే, చెడ్డ బంతీ నల్లటి గుండ్రమే. 45 నుంచి 60 డిగ్రీలు వాల్చి చూడాలి. సరిగ్గా అతికిన జాయింట్ పీపాలా ఒకే ముద్దగా ఉంటుంది. అతకనిదానికి నడుము దగ్గర నొక్కు పడి, ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు ముద్దల్లా కనిపిస్తుంది. పక్క బంతులతో పోల్చి చూస్తే తేడా ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. చాలాచోట్ల గాలిబుడగల శాతం మాత్రం శ్రద్ధగా రాసి పెడతారు, సాఫ్ట్‌వేర్ అంకె ఇస్తుంది కాబట్టి. నొక్కుకు చాలాసార్లు అంకె రాదు, మనిషి కన్నే కావాలి. అందుకే వదిలేస్తారు.

అనుమానం తీరకపోతే డై అండ్ ప్రై, అంటే రంగు పోసి చిప్ పెకలించి చూడటం. బోర్డు పాడవుతుంది కానీ అబద్ధం చెప్పదు. ముందు ఫ్లక్స్ మరకలు బాగా కడగాలి, లేకపోతే రంగు చీలికలోకి దూరదు. ఎర్ర డై పోసి, వ్యాక్యూమ్‌లో పెట్టి గాలి లాగేయాలి. తర్వాత సుమారు 100 డిగ్రీల్లో పూర్తిగా ఆరనివ్వాలి. తొందరపడి తడిగా ఉండగానే చిప్ పెకలిస్తే రంగు అన్నిచోట్లా అంటుకుని, బాగున్న జాయింటు కూడా దోషిగా కనిపిస్తుంది. ఊడదీశాక ఎర్రగా ఉన్నచోటు ముందే విడిపోయి ఉన్నది. రంగు లేకుండా తెగినచోటు ఇప్పుడు మన చేతిలో విరిగింది. ఏ బంతి దగ్గర ఎర్రగా ఉందో గళ్ల కాగితం మీద గుర్తు పెట్టుకోండి. మూలల్లోనే ఉంటే ముందుగా చిప్ వంపును అనుమానించాలి, చెల్లాచెదురుగా ఉంటే పేస్ట్ ప్రింటింగ్‌ను.

ప్రింటింగ్ అంటే చిన్న లెక్కొకటి. స్టెన్సిల్‌లో, అంటే పేస్ట్ పూయడానికి వాడే చిల్లుల రేకులో, 0.3 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం, రేకు మందం 125 మైక్రాన్లు అనుకుందాం. రంధ్రం వైశాల్యాన్ని దాని గోడ వైశాల్యంతో భాగిస్తే 0.6 వస్తుంది. 0.66 కంటే తగ్గితే పేస్ట్ ప్యాడ్ (బోర్డు మీద టంకం అతకాల్సిన లోహపు మచ్చ) మీద సరిగ్గా దిగకుండా గోడలకే అంటుకోవచ్చు. అదే రేకు 100 మైక్రాన్లయితే 0.75, హాయిగా దిగుతుంది. పేస్ట్ తక్కువంటే ఫ్లక్సూ తక్కువే. ఓవెన్‌లో 150-200 డిగ్రీల మధ్య బోర్డును మరీ ఎక్కువసేపు ఉంచినా ఫ్లక్స్ ముందే ఖర్చయిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పేస్ట్ డబ్బా మూత వెంటనే తీయకూడదు, చెమ్మ పడుతుంది. నాలుగు గంటలు గదిలో ఉంచాలి.

కాళ్లున్న ఐసీలదీ ఇదే కథ, కాకపోతే అక్కడ మోసం చేసేది టెస్ట్ సూది. ప్యాడ్ మీద కాకుండా కాలి మీదే ప్రోబ్ ఆనిస్తే, లేచి ఉన్న కాలు ఆ ఒత్తిడికి ప్యాడ్‌ను తాకి పాసవుతుంది. సూది ఎత్తగానే మళ్లీ లేస్తుంది. సూది వేరే టెస్ట్ పాయింట్ మీదే దిగాలి. కంటితో చూసేటప్పుడు మడమ దగ్గర సోల్డర్ కాలిపైకి పాకిందో లేదో చూడండి. మెరుపు చూడొద్దు. సీసం ఉన్న టంకం నిగనిగలాడేది, సీసం లేనిది బాగున్నా కాస్త మసగ్గానే ఉంటుంది. పాత అలవాటు కొద్దీ మంచివాటిని రీవర్క్‌కు పంపి ప్యాడ్లు లేపేసేవాళ్లకు కొదవలేదు.

చిప్‌ను వేలితో నొక్కితే బోర్డు పనిచేసి, వదిలితే ఆగిందంటే హాట్ ఎయిర్ గన్ అందుకోకండి. ఒక్కసారి వేడి చేశారా, బంతి కరిగి అతుక్కుంటుంది, బోర్డు నడుస్తుంది, ఎందుకు చెడిందో చెప్పే సాక్ష్యం మాత్రం పోతుంది. ముందు వాల్చి తీసిన ఎక్స్‌రే, ఆ తర్వాత డై. హాట్ ఎయిర్ ఆ లాట్‌లోని మిగతా బోర్డులకు.