ఎందుకడుగుతున్నావంటే ఏం చెప్పేది?

నాలుగు నెలల కింద ఒక రోజు పొద్దున్నే, ఇంకా స్నానం కూడా కాలేదు, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "ఏమప్పా, ఆ కాలువ గురించి కాగితం పెట్టింది నువ్వేనా? ఎందుకు నీకు?" అన్నాడు అవతలి మనిషి. పేరు చెప్పలేదు. నా నంబరు ఆయనకు ఎట్లా తెలిసిందంటే చెప్పలేదు. ఆ నంబరు నేను రాసింది ఒకే ఒక్క చోట, సమాచార హక్కు దరఖాస్తు కింద, సంతకం పక్కన.

విషయం మొదటి నుంచి చెప్తాను. మాది అనంతపురం ఊరి చివర కాలనీ. మా వీధిలో మురుగు కాలువ కట్టారు. వీధి మొదట్లో సిమెంటు దిమ్మె కట్టి, పసుపు రంగు పూసి, నల్ల అక్షరాలతో పని పేరు, పొడవు, అంచనా విలువ రాశారు. పొడవు 180 మీటర్లని ఉంది. మా పక్కింటి పెద్దాయన ఒకప్పుడు మేస్త్రీ, ఆయన దగ్గర ఇప్పటికీ పాత టేపు ఉంది. ఇద్దరం కలిసి ఒక ఆదివారం పట్టి చూస్తే 112 దగ్గర సిమెంటు అయిపోయింది, అక్కడి నుంచి మట్టి గుంత. వాన పడితే నీళ్లన్నీ ఆ గుంత దగ్గర ఆగి చివరి నాలుగు ఇళ్లలోకి వస్తాయి. ఆ నాలుగు ఇళ్లలో ఒకటి మాది.

పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి మూడు సంగతులు అడిగాను. ఎం బుక్ నకలు, బిల్లు చెల్లించిన తేదీ, కాంట్రాక్టరు పేరు. అంతే. ఎం బుక్ అంటే ఇంజినీరు పని దగ్గరికి వచ్చి కొలిచి రాసే పుస్తకం, దాన్నిబట్టే బిల్లు అవుతుంది. ఆ పుస్తకంలో 180 అని ఉందా, 112 అని ఉందా అన్నదే నా ప్రశ్న. (ఏ ఆఫీసో ఇక్కడ రాయను, నా దరఖాస్తు ఇంకా నడుస్తోంది.)

2005 సమాచార హక్కు చట్టంలో ఆరో సెక్షన్ రెండో ఉపసెక్షన్ ఒకసారి చదవండి. సమాచారం అడిగినవాడు ఎందుకు అడుగుతున్నాడో చెప్పాల్సిన పని లేదని సూటిగా ఉంది. అడిగిన 30 రోజుల్లో ఇవ్వాలి, కారణం లేకుండా ఆపితే ఆ అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా. కాగితాలే కాదు, జరుగుతున్న పనిని వెళ్లి చూసే హక్కు, వాడిన సరుకు నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. ఇంత స్పష్టంగా రాసిపెట్టిన దేశంలో, ఫోన్ చేసినవాడి నుంచి ఆఫీసులో కనిపించినవాడి దాకా నన్ను అందరూ అడిగింది అదే మాట: "ఎందుకు నీకు?"

30 రోజులు పోయాయి, జవాబు లేదు. పై అధికారికి మొదటి అప్పీలు వేశాను. అప్పుడు ఒక కాగితం వచ్చింది. మీరు కోరినది వ్యక్తిగత సమాచారం, అదే చట్టంలోని 8(1)(జె) కింద ఇవ్వలేము అని రెండు వరుసలు. కాలువ పొడవు ఎవరి వ్యక్తిగతమండీ? ప్రజల డబ్బుతో కట్టిన కాలువ అది.

ఈ 8(1)(జె) సంగతి ఎక్కువ మందికి తెలియదు కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. ఇంతకుముందు ఆ క్లాజు ఎట్లా ఉండేదంటే, ప్రజా వ్యవహారాలతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారమైతే ఆపొచ్చు, అది కూడా ప్రజా ప్రయోజనం పెద్దదైతే ఇవ్వాల్సిందే. పార్లమెంటుకు, శాసనసభకు కాదనలేని సమాచారాన్ని మామూలు మనిషికి కూడా కాదనకూడదని ఒక మంచి మాట ఉండేది. 2023లో తెచ్చిన డేటా రక్షణ చట్టం ఆ షరతులన్నీ తీసేసి, వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క ముక్క మిగిల్చింది. 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. ప్రజా ప్రయోజనం కోసం ఇవ్వొచ్చనే 8(2) ఇంకా ఉంది, కానీ అది వాడాలా వద్దా అనేది ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల ఇష్టం. అంతకుముందే 2019లో, ఇలాంటి అప్పీళ్లు వినే సమాచార కమిషనర్లకు చట్టంలోనే ఉన్న ఐదేళ్ల పదవీకాలం తీసేసి, ఎన్నేళ్లు ఉండాలో, జీతమెంతో కేంద్రమే నిర్ణయించేట్టు మార్చారు. ఇప్పుడు మూడేళ్లే. చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు, ఒక్కొక్క మేకు పీకుతున్నారు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదంతా మా జిల్లాలో జరగడం. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ పథకంతోనే సామాజిక తనిఖీ, అంటే పనుల లెక్కలను జనం ముందే చదివి సరిచూడటం, మన రాష్ట్రంలో ఊరూరికీ వెళ్లింది. డిగ్రీ చదివే రోజుల్లో మా ఊరి పక్క పల్లెలో ఒక తనిఖీ గ్రామసభ చూశాను. చెట్టు కింద చాప మీద కూర్చొని మస్టరు, అంటే పనికి వచ్చినవాళ్ల పేర్ల పట్టీ, గట్టిగా చదువుతున్నారు. ఒకామె కొంగు బిగించుకొని లేచి, "ఆ వారం నేను పనికే పోలేదు, పుట్టింటికాడ ఉన్న్యా, నా పేరు ఎట్లొచ్చె?" అంది. అధికారులంతా అక్కడే ఉన్నారు. ఎందుకు నీకు అని ఆమెను ఎవరూ అడగలేదు, అడగడానికి ఆ రోజు ఎవరికీ నోరు రాలేదు. నాకు ప్రజాస్వామ్యం అనే మాట అర్థమైంది ఆ చెట్టు కిందే.

సరే, సమాచారం రాలేదు కాబట్టి వీధిలో వాళ్లం ఇరవై మందిమి సోమవారం కలెక్టరేటుకు వెళ్లి అర్జీ ఇద్దాం, గేటు బయట ఒక గంట ప్లకార్డులు పట్టుకొని నిలబడదాం అనుకున్నాం. ఆదివారం రాత్రి ఇంటికి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. చిన్న వయసు, మర్యాదగానే మాట్లాడాడు. "సార్, యాక్ట్ 30 ఉంది, గుంపుగా పోవద్దండి, కేసులు అవుతాయి. పిల్లలున్నారు కదా మీకు" అన్నాడు. మా అమ్మ తలుపు పక్కన నిలబడి అంతా వింది. ఆయన పోయాక, "మనకెందుకు నాయనా" అంది. ఆమె నోట కూడా అదే మాట రావడం నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

యాక్ట్ 30 అంటే 1861 నాటి పోలీసు చట్టంలో ముప్పయ్యో సెక్షన్, సిపాయిల తిరుగుబాటు తర్వాత తెల్లవాళ్లు చేసుకున్నది. అందులో కూడా ఊరేగింపులను ఒక పద్ధతిలో నడపమని, శాంతికి భంగం కలుగుతుందనుకుంటే లైసెన్సు తీసుకోమని ఉంది తప్ప, అసలు నిలబడొద్దని లేదు. 2023 జనవరిలో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఇదే సెక్షన్ ఆధారంగా రోడ్ల మీద సభలు ఆపుతూ జీవో 1 తెచ్చారు. కందుకూరులో, గుంటూరులో తొక్కిసలాటలు జరిగి మనుషులు చనిపోయారు, నిజమే, జాగ్రత్త కావాలి. కానీ ఆ జీవోను హైకోర్టు అదే ఏడాది మే నెలలో కొట్టేసింది. 2024 జనవరిలో జీతాలు పెంచమని సమ్మె చేస్తున్న అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ల మీద ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, పెట్టారు. తర్వాత ప్రభుత్వం మారింది, యాక్ట్ 30 మాత్రం ఎక్కడికీ పోలేదు. నేను ఏ పార్టీ మనిషినీ కాదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు గొంతు చించుకున్నవాళ్లు గెలిచాక అదే సెక్షన్ వాడటం ఏ పార్టీలో చూసినా నాకు కడుపు మండుతుంది.

ఆ సోమవారం ఇరవై మందిలో ఆరుగురమే వెళ్లాం, ప్లకార్డులు లేకుండా. అర్జీ తీసుకున్నారు. తొమ్మిదో రోజు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. అప్పుడు నేను ఆ మట్టి గుంత దగ్గరే ఉన్నాను, అందులో నీళ్లున్నాయి.

రెండో అప్పీలుకు 90 రోజుల గడువు ఉంది. పోయిన బుధవారం సమాచార కమిషన్‌కు స్పీడ్ పోస్టులో పంపాను. పెద్దాయనతో మళ్లీ టేపు పట్టించి, ప్రతి పది మీటర్లకు సుద్దముక్కతో గీత గీసి, ఫొటోలు తీసి జత చేశాను. మొదటి అప్పీలులో లేని ఇంకొకటి కూడా రాశాను: నా ఫోన్ నంబరు బయటి మనిషికి ఎవరిచ్చారో చెప్పండి అని. అమ్మ ఆ కవరు చూసి ఏమీ అనలేదు. గమ్ము డబ్బా తెచ్చి పక్కన పెట్టింది.