92 చాలు మామ్మా

డిసెంబరు వస్తే మా ఛాతీ వార్డులో మంచాలు చాలవు. విశాఖలో చలేముంటుంది అనకండి, సీఓపీడీ (ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లకి ఆ కాస్త చాలు.

మొన్న నైట్ డ్యూటీలో ఒక మామ్మని తెచ్చారు. శ్రీకాకుళం వైపు, సముద్రం ఒడ్డు ఊరు. వయసులో ఉన్నప్పటి నుంచీ అడ్డపొగ, అంటే చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. దానికి తోడు కట్టెల పొయ్యి. పడుకోబెట్టబోతే నా చెయ్యి తోసేసింది. ఆమె చేసిందే రైటు, అంత ఆయాసంలో వెల్లకిలా ఎవరు పడుకోగలరు? భోజనం బల్ల దగ్గరకి లాగి, రెండు దిండ్లు వేసి, మోచేతులు ఆనించి ముందుకి వాలమన్నాను. చేతులకి ఆసరా దొరికితే మెడ, భుజాల కండరాలు ఊపిరికి సాయపడతాయి. "వేడి టీ ఊదుకున్నట్టు మెల్లగా ఊదు మామ్మా" అన్నాను. మందుని ఆవిరిలా పీల్పించే నెబులైజర్‌ పెడితే చేతులు వణుకుతాయని ముందే చెప్పాను, లేకపోతే ఆ వణుక్కి భయపడి ఇంకా రొప్పుతారు.

ఆక్సిజన్ నిమిషానికి 2 లీటర్లు. సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 88 నుంచి 92 మధ్య ఉంచమని డాక్టరు రాశారు.

రెండున్నరకి వెళ్తే మామ్మ గురక పెడుతోంది. వేలికి పెట్టిన మెషిన్‌లో 98. ఆక్సిజన్ ఎంత వెళ్తోందో చూపే ఫ్లోమీటర్‌లో బంతి 6 దగ్గరుంది. "90 చూపిస్తుంటే టెన్షనొచ్చి నేనే పెంచాను సిస్టరమ్మా. చూడండి, హాయిగా నిద్రపోయింది" అన్నాడు కొడుకు.

అది నిద్ర కాదు. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేస్తోంది. చేతులు చాపిస్తే మణికట్లు రెక్కల్లా కొట్టుకున్నాయి. ఇలాంటి ఊపిరితిత్తులకి ఆక్సిజన్ మరీ ఎక్కువైతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది, ఆ మత్తే ఇది. అలాగని ఆక్సిజన్ టక్కున తీసేయకూడదు, అది ఇంకా ప్రమాదం. 92కి దిగేదాకా తగ్గిస్తూ డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేశాను. రక్తం పరీక్షకి పంపి మాస్కుతో గాలి నెట్టి ఊపిరికి సాయపడే బైపాప్ మెషిన్ పెట్టారు. మాస్కు పట్టీలు వెంటనే బిగిస్తే బెదిరిపోతారని కాసేపు నేనే చేత్తో ముఖానికి ఆనించి పట్టుకున్నాను.

ఆ అబ్బాయిని ఏమనను? మామ్మకి అన్నీ చెప్పిన నేను, పక్కనే కూర్చున్న అతనికి ఆ 92 సంగతి చెప్పలేదు.

తెల్లారేసరికి కాస్త తేరుకుని టీ అడిగింది. ఫ్లోమీటర్ మీద ప్లాస్టర్ అంటించి "2 – ముట్టుకోవద్దు" అని రాశాను. పక్క మంచం వాళ్లబ్బాయి చూసి, "మాకూ ఒకటి అంటించండి సిస్టర్" అన్నాడు.