గుణుపురం దాటాక రసీదు దొరకదు

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇచ్చే జేఆర్ఎఫ్ అనే పరిశోధక వేతనం పొందిన మానవీయ శాస్త్రాల పరిశోధకులకు మొదటి రెండేళ్ళు ఏటా 10,000 రూపాయలు, ఆపైన 20,500 రూపాయలు కంటింజెన్సీగా, అంటే పరిశోధన ఖర్చుల కింద, అందుతాయి; పుస్తకాలు, క్షేత్రపర్యటనలు అందులోనే సర్దుకోవాలి. నౌపడా నుంచి మా పర్లాకిమిడి మీదుగా ఒడిశాలోని గుణుపురం దాకా రైలు టికెట్టు ఉంటుంది గాని, అక్కడినుంచి సవర గిరిజనుల గూడేలకు వెళ్ళే జీపులో ఏ కాగితమూ ఇవ్వరు. తేదీ, ఊరు, ఛార్జీ నోటుపుస్తకంలో రాసి డ్రైవరు చేత సంతకం పెట్టించినా, బిల్లు కాదంటూ లెక్కల విభాగం నా దరఖాస్తును తిప్పి పంపింది.

సదస్సుకు వెళ్ళినవారికి టికెట్టే సాక్ష్యం; కొండదారిన వెళ్ళినవారికి స్వీయ ధ్రువీకరణను అంగీకరించడం, సగం సొమ్మయినా ముందే ఇవ్వడం న్యాయమని నా దృఢాభిప్రాయం. తిరిగొచ్చాక నెలల తరబడి ఆగి తీసుకోవలసిన డబ్బు, చేతిలో పైసా లేని విద్యార్థిని గూడెం దాకా చేర్చదు.