నడినెత్తి సూర్యుడితో దుమ్మూ పొగా తేలవు

యాసంగి కోతలయ్యాక నల్లగొండ, మిర్యాలగూడ వైపు ఆకాశం నీలం పోయి పాలిపోతుంది. అందులో కొయ్యకాళ్ళు కాల్చిన పొగ ఎంత, లారీలు, క్వారీలు లేపిన దుమ్మెంత?

సూర్యుడి వెలుగును కొలిచే సన్ ఫోటోమీటర్‌ను నేరుగా సూర్యుడి వైపు తిప్పితే గాలిలో తేలే సన్నని రేణువులు, అంటే ఏరోసోల్స్, వెలుగును ఎంత ఆపుతున్నాయో, అంటే ఆప్టికల్ డెప్త్, తెలుస్తుంది. 440, 870 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర అది 0.60, 0.24 వస్తే, రంగు మారేకొద్దీ ఆ డెప్త్ ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే ఆంగ్‌స్ట్రామ్ ఘాతం 1.3 దాకా ఉంటుంది, పొగ ఎక్కువన్నమాట. 0.50, 0.40 అయితే 0.3, అది దుమ్మే. రెండూ కలిసిన రోజున ఈ ఒక్క అంకెను నమ్మలేం. చెదిరిన వెలుగు అక్కరకొచ్చేది అప్పుడే.

బొటనవేలు అడ్డం పెట్టి సూర్యబింబాన్ని మూసి చూడండి. చుట్టూ తెల్లటి కాంతి కళ్ళు చెదిరేలా ఉంటే గాలిలో పెద్ద రేణువులున్నట్టు. అవి వెలుగును దాదాపు ముందుకే, కొద్ది డిగ్రీల లోపలే చిమ్ముతాయి. సన్నని పొగ ఆకాశమంతా పరుస్తుంది. స్కై రేడియోమీటర్ కొలిచేది కోణం పెరిగేకొద్దీ ఈ వెలుగు ఎలా పడిపోతుందన్నదే. లెన్సును సూర్యుడి ఎత్తులోనే ఉంచి ఎడమకూ కుడికీ 180 డిగ్రీల దాకా తిప్పుతారు. ఈ పద్ధతి పేరు అల్ముకాంటర్.

మన దగ్గర చిక్కు ఇక్కడే. ఈ తిప్పుడులో సూర్యుడి నుంచి దొరికే అతి పెద్ద కోణం, నడినెత్తి నుంచి సూర్యుడున్న కోణానికి రెట్టింపు మాత్రమే. సూర్యుడు 50 డిగ్రీలు వాలి ఉంటే 100 దాకా దొరుకుతుంది, 10 డిగ్రీలే ఉంటే 20తో సరి. నల్లగొండ అక్షాంశం సుమారు 17 డిగ్రీలు. మే మొదటి వారంలో మధ్యాహ్నం నీడే ఉండదు, ఆగస్టు మొదటి వారంలోనూ అంతే. కాబట్టి సూర్యుడు కనీసం 50 డిగ్రీలు వాలి ఉండేలా, మేలో పొద్దున 7 నుంచి 8:40 లోపు, సాయంత్రం 3:40 నుంచి 5:20 దాకా కొలవాలి. డిసెంబరులో పొద్దున 10 దాకా తీరిక ఉంటుంది. మిట్టమధ్యాహ్నం స్కాన్‌ను సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చినా ఏవో అంకెలు వస్తాయి, రేణువుల పరిమాణాల గ్రాఫు కూడా అందంగానే ఉంటుంది. నమ్మకండి.

స్టాండును రసమట్టంతో సరిచూడటం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. సూర్యుడికి 3 డిగ్రీల దగ్గర వెలుగు నిట్టనిలువుగా పడిపోతుంటుంది, అక్కడ చిన్న కోణం తప్పినా దుమ్ము లెక్క మారిపోతుంది. ఎడమ, కుడి విలువలు పక్కపక్కన పెట్టుకోండి. తేడా సూర్యుడి దగ్గరే ఉండి, ప్రతి రంగులోనూ ఒకే పక్కకు ఉండి, దూరం పోయేకొద్దీ కరిగిపోతే గురి తప్పింది. ఎక్కడో మధ్యలో ఒక్కసారిగా ఎగిరితే మబ్బు తునక. అలాంటి జతను సగటు చేయకుండా తీసేయడమే మేలు.

ఆప్టికల్ డెప్త్‌లోంచి గాలి అణువుల వాటా తీసేసేటప్పుడు సముద్రమట్టపు పీడనం 1013 మిల్లీబార్లు వాడేస్తుంటారు. మహబూబ్‌నగర్ 400 మీటర్లకు పైనే ఉంది, అక్కడ పీడనం దాదాపు 5 శాతం తక్కువ. 440 దగ్గర అణువుల ఆప్టికల్ డెప్త్ 0.24 కాబట్టి అవసరానికి మించి 0.012 తీసేసినట్టవుతుంది. 870 దగ్గర మొత్తమే 0.016, అక్కడ తేడా పడదు. ఫలితంగా ఘాతం తగ్గి, పొగ కాస్త దుమ్ములా కనిపిస్తుంది. గాలి తేటగా ఉన్న రోజుల్లో ఈ తప్పు ఇంకా కొట్టొచ్చినట్టుంటుంది.

పొగ ఎంత నల్లనిది, ఎంత వెలుగును మింగుతుంది అన్నది 440 దగ్గర ఆప్టికల్ డెప్త్ 0.4 దాటిన రోజుల్లోనే అడగాలి.

ఇక లెన్సు ముందున్న గొట్టం. లోపల దుమ్ము పేరుకున్నా, సాలీడు గూడు కట్టినా నేరు వెలుగు తగ్గుతుంది, ఆప్టికల్ డెప్త్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. గొట్టం గోడ మీద పడి చెదిరిన వెలుగు సూర్యుడి చుట్టూ ఉన్న కాంతిలో కలిసి లేని దుమ్మును పుట్టిస్తుంది. గొట్టాన్ని విప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని అవతలికి చూడండి. ఒక్క దారప్పోగు కనిపించినా శుభ్రం చేశాకే మళ్ళీ బిగించాలి. లెన్సును మాత్రం చొక్కా కొసతో తుడవకండి.