మీ కాలు ఎక్కడుంది?

యాక్సిడెంట్‌లో విరిగిన చెయ్యి అతుక్కుంది, ఇక రానక్కర్లేదని ఎముకల డాక్టర్ చెప్పేశారు. అసలు బాధ ఆ తర్వాతే ముదిరింది. ఎక్కడ బ్రేక్ చప్పుడు వినపడినా ఒళ్లంతా చెమటలు. నిద్రలో లారీ లైట్లు మీదికొచ్చేవి. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడి, ఆ వెంటనే వాళ్ల మీదే విసుక్కునేదాన్ని.

ముందు ఆ రోడ్డు మానేశాను. తర్వాత కారెక్కడం మానేశాను. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తే మనుషుల్నీ దూరం పెట్టాను. తప్పించుకున్న ప్రతిసారీ ప్రాణం హాయిగా ఉండేది. ఆ హాయే జబ్బును పెంచుతోందంటే అప్పట్లో ఎవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు.

"గుర్తుచేసుకోకు, అదే పోతుంది" అని అందరూ అన్నారు. అందులో కొంత నిజముంది. ప్రమాదం తర్వాత మొదటి వారాల్లో ఇలాంటివి చాలామందికి వస్తాయి, ఎక్కువమందికి వాటంతటవే తగ్గుతాయి. అందుకే నెల దాటితే గానీ పీటీఎస్‌డీ, అంటే భయంకరమైన అనుభవం తర్వాత మనసును వదలకుండా పట్టుకునే జబ్బు, అనరు. నాకు నెలలు గడిచేకొద్దీ పెరిగింది.

సైకాలజిస్టు ముందు 20 ప్రశ్నల కాగితం ఇచ్చారు. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 80. మొత్తం 31 నుంచి 33 మధ్యకు చేరినా, దాటినా పీటీఎస్‌డీ ఉండొచ్చని అనుమానిస్తారు. నాకు అంతకంటే చాలా ఎక్కువే వచ్చాయి. మార్కులు ఎక్కువొచ్చి దిగులుపడటం జీవితంలో అదే మొదటిసారి.

తర్వాత ఆవిడ చెప్పింది విని లేచి వచ్చేద్దామనుకున్నాను. కళ్లు మూసుకుని, ఆ రోజు జరిగిందంతా ఇప్పుడే జరుగుతున్నట్టు మొదటి నుంచి చివరిదాకా చెప్పాలట! ఎడ్నా ఫోవా అనే సైకాలజిస్టు రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ పద్ధతి ఇది. మామూలుగా 8 నుంచి 15 సెషన్లు, ఒక్కోటి గంటన్నర దాకా ఉంటుంది. చెప్పింది రికార్డు చేసి ఇస్తారు, ఇంట్లో రోజూ వినాలి. మానేసిన పనులకు భయాన్ని బట్టి 0 నుంచి 100 దాకా అంకెలేసి, ఒక్కోటీ మళ్లీ చెయ్యాలి. ఆగి ఉన్న కారులో కూర్చోవడం నాకు 40. ఆ రోడ్డు మీద నడపడం 100.

మొదట్లో ఘోరంగా ఉండేది. పీడకలలు ఎక్కువయ్యాయి. రికార్డింగ్ వినాల్సిన టైమొస్తే లేని పనులన్నీ గుర్తొచ్చేవి. అలా ఒక సెషన్‌లో, ఎప్పటిలాగే "ఒక్క క్షణం ముందు బ్రేక్ వేసుంటే" అనే దగ్గర ఆగిపోయాను. "ఆ క్షణంలో మీ కాలు ఎక్కడుంది?" అని ఆవిడ అడిగారు. బ్రేక్ మీదే ఉంది. గట్టిగా తొక్కే ఉన్నాను. తొక్కాక కూడా లారీ వచ్చి గుద్దింది. అన్నిసార్లు చెప్పినా ఆ ముక్క దగ్గరికి రాగానే దాటేసేదాన్ని. ఆ రోజు ఏడుపు ఆగలేదు. ఆ రాత్రి మాత్రం నిద్రపట్టింది.

చెబితే తగ్గేటట్టయితే ప్రమాదమైన మర్నాడే అంతా చెప్పించెయ్యొచ్చుగా? అలా ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడాన్ని డీబ్రీఫింగ్ అంటారు. అది పీటీఎస్‌డీని ఆపదని తేలింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2018లో వద్దనే రాసింది.

నేను తీసుకున్న చికిత్స అందరికీ సరిపడుతుందని చెప్పను. వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2013లో పీటీఎస్‌డీ చికిత్సలపై 70 అధ్యయనాలను పరిశీలించింది. చికిత్స కోసం ఎదురుచూస్తున్నవాళ్ల కంటే, ట్రామా, అంటే మనసుకు తగిలిన గాయం మీద నేరుగా పనిచేసే సీబీటీ (ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చే మాటల చికిత్స, నేను తీసుకున్నదీ ఇందులో ఒక రకమే) గానీ, కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ చేసే ఈఎండీఆర్ గానీ తీసుకున్నవాళ్లకు బాగా తగ్గింది. అయితే మధ్యలో మానేసినవాళ్లూ చికిత్స తీసుకున్నవాళ్లలోనే ఎక్కువ. పైగా ఆ ఆధారాల నాణ్యత చాలా తక్కువని సమీక్షకులే రాశారు. మానేసినవాళ్లను నేనైతే తప్పుపట్టలేను. "మొదట్లో ఎక్కువవుతుంది" అని ఆవిడ ముందే చెప్పకపోయుంటే నేనూ వాళ్లలో ఉండేదాన్ని. థెరపీ మొదలుపెట్టేవాళ్లు ఆ మాట ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు ఆ రోడ్డు మీద కారు నడుపుతున్నాను. స్కోరు 31 కిందికి దిగింది, సున్నా మాత్రం కాలేదు. రాత్రిపూట వెనక లారీ దగ్గరికొస్తే భుజాలు బిగుసుకుంటాయి. నిద్ర మళ్లీ చెడితే రమ్మన్నారు. ఇంతవరకు వెళ్లాల్సిన అవసరం రాలేదు.