దొరకని వారం, మారిన షడ్జం

మన కళాశాల బాలికల వసతిగృహంలో, రెండో అంతస్తు మెట్ల పక్కనున్న గదిలో, 2014 నుంచి 2018 దాకా శనివారం రాత్రి భోజనాలయ్యాక మేము ఐదుగురం కూర్చుని ఆడిన ఆట గురించి ఈ సంచికకు రాయమని మిత్రులు అడిగారు. రాయడానికి కూర్చోగానే నాకు గుర్తుకొచ్చినవి ఆ ఆటలో మేము గెలిచిన యుద్ధాలు కావు. ఆ గదిలో చేతులు మారిన పుస్తకాలు, ఒకరి పాత్ర కోసం ఇంకొకరు కూర్చి ఇచ్చిన పాటలు గుర్తుకొచ్చాయి.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో అమెరికాలో వెలువడిన ఈ ఆటలో ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు తలా ఒక పాత్రను కల్పించుకుని, ఏ సందర్భంలో తమ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. ఆ పని నెరవేరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 2014లో అయిదో కూర్పు ప్రాథమిక నియమాలను ప్రచురణకర్తలు ఉచితంగా ఇవ్వడం వల్లనే అది మా దాకా వచ్చింది. కథ నడిపే వ్యక్తిని డంజన్ మాస్టర్ అంటారు గాని, మేము సూత్రధారి అనేవాళ్లం. ఇరవై ముఖాల పాచిక బెజవాడలో మాకెక్కడా దొరకలేదు. అందుకని తంబోలా సెట్టులోంచి 1 నుంచి 20 దాకా ఉన్న బిళ్లలు ఏరి గుడ్డసంచిలో వేసుకున్నాం. తీసిన బిళ్లను తిరిగి సంచిలో వేసి కలిపితే తప్ప తరువాతివారు చెయ్యి పెట్టకూడదు.

కథ మొదలుపెట్టే ముందు మా సూత్రధారి ఒక నియమం పెట్టింది. పాత్రధారులం నలుగురమూ మాకు అన్నిటికన్నా ఇష్టమైన పుస్తకాన్ని ఎడమపక్కన కూర్చున్నవారికి ఇవ్వాలి. తీసుకున్నవారు నెల తిరిగేలోగా దాన్ని చదివి, ఇచ్చినవారి పాత్రకు ఏడు పాటలు వరుసగా కూర్చి ఇవ్వాలి. ఎవరి పాత్రకు వారు పాటలు ఎంచుకోవడం కుదరదు. ఇందులో పుస్తకాల ప్రసక్తి ఎందుకని మేము అడిగితే, 1979లో వచ్చిన డంజన్ మాస్టర్ల మార్గదర్శినిలో గైగాక్స్ తనకు ప్రేరణనిచ్చిన పుస్తకాల జాబితాను అనుబంధంగా చేర్చాడని, ఈ ఆట పుట్టిందే చదువరుల అరల్లోంచి అని చెప్పింది. అది నిజమని నాకు ఆ నాలుగేళ్లలో బాగా తెలిసింది.

నేను ఇచ్చింది లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులో కొన్న చందమామ బైండు. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు, వాటికి చిత్రా వేసిన బొమ్మలు చదివి పెరిగినవారికి అడవి దారులు, శిథిలాలయాలు, మాంత్రికులు, ప్రాణమిచ్చే మిత్రులు కొత్త కాదు. ఆ బైండు చదివిన నెలకే మా కథలోంచి పరాయి దేశపు కోటలు పోయి, కొండగుహలు, ఏటి రేవులు వచ్చాయి.

నా చేతికి వచ్చిన పుస్తకం గుంటూరు మిత్రురాలిది. దానిమీద ప్రచురణకర్త పేరు లేదు. వాళ్ల అమ్మమ్మగారు వారపత్రికలో వచ్చిన సీరియల్ పేజీలను వారం వారం చింపి దాచి, దబ్బనంతో కుట్టి, అట్టమీద నేత చీర ముక్కను మైదాపిండి జిగురుతో అతికించిన బైండు అది. పేజీల వెనకవైపు సగం తెగిన వంటల శీర్షికలు, తలనూనె ప్రకటనలు ఉండేవి. ప్రతి భాగం మొదట్లో, పై మూలన, ఆవిడ పెన్సిలుతో తేదీ వేసుకున్నారు. ఒక్క వారం మాత్రం లేదు. నాయిక ఒంటరిగా రైలెక్కడంతో ఒక భాగం ముగుస్తుంది. పేజీ తిప్పేసరికి ఆమె ఎవరింట్లోనో, చేతికి కట్టుతో, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందని అడిగితే, "ఆ వారం మా అమ్మ పుట్టిందే, అమ్మమ్మ ఆస్పత్రిలో ఉంది, ఇంట్లో ఎవరూ పత్రిక తెప్పించలేదు" అంది నా మిత్రురాలు.

సూత్రధారి ఆ మాట విని ఊరుకోలేదు. దొరకని ఆ వారాన్నే మా ఆటలోకి తెచ్చింది. మూడు శనివారాలు మేము ఆ రైలుపెట్టెలో ప్రయాణం చేశాం. మేము తేల్చిన కథను మిత్రురాలు ఫోనులో అమ్మమ్మగారికి వినిపిస్తే, ఆవిడ చివరిదాకా విని, "నేను ఇన్నేళ్లూ అనుకున్నది వేరమ్మా" అంటూ తన మనసులో ఉన్న కథ చెప్పారట. ఆవిడ చెప్పినదే మా కథలో ఖాయమైంది.

ఆ మిత్రురాలి పాత్ర ఒక యోధురాలు; అందరికన్నా ముందు కత్తి దూసేది, అందరికన్నా గట్టిగా అరిచేది. ఆమెకు నేను మొదట ఏడూ కదనోత్సాహపు పాటలే ఎంచాను. బైండు పూర్తిచేశాక, నా మిత్రురాలు ఇంతగా ప్రేమించినది ఆ మాట్లాడని నాయికను కదా అనిపించి, ఐదింటిని తీసేసి వాటి చోట జోలపాటలు పెట్టాను. అప్పట్లో పాటలు మెమరీ కార్డులోనో, షేరిట్‌లోనో ఒక ఫోనులోంచి ఇంకో ఫోనులోకి వెళ్లేవి. 2016 సెప్టెంబరులో జియో వచ్చేదాకా మా గదుల్లో డేటాను చాలా పొదుపుగా వాడుకునేవాళ్లం. ఫోను పాటలను అక్షరక్రమంలో వినిపిస్తుంది కాబట్టి, వరుస చెదరకుండా ప్రతి ఫైలు పేరుకు ముందు 01, 02 అని అంకెలు చేర్చాలి. నేను ఇచ్చిన కార్డు విన్న మర్నాడు నా మిత్రురాలు టిఫిన్ దగ్గర నా పక్కన కూర్చుని, "నీకెలా తెలిసిందే?" అని మాత్రం అడిగింది.

నా పాత్ర పేరు నీలవేణి, చేతివాటం గల దొంగ. నా ఎడమపక్కన కూర్చునే మిత్రురాలు చిన్నప్పటినుంచి వీణ నేర్చుకున్నది. ఆమె నీలవేణికి ఇచ్చిన ఏడు పాటలూ మోహన రాగంలోవే. కీర్తనలు రెండు, మిగిలినవి సినిమా పాటలు. మూడో సంవత్సరంలో నీలవేణి తన జట్టును శత్రువుకు పట్టించింది. ఆ నిర్ణయం నాదే, అది తీసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరువాతి వారం వీణ మిత్రురాలు నాకు ఇంకో కార్డు ఇచ్చింది. అందులో ఏడూ హిందోళం. రాగం ఎందుకు మార్చావని అడిగితే, ఫోనులో తంబూరా యాప్ పెట్టి మోహనంలోని ఐదు స్వరాలు, సరిగపద, పాడింది. తరువాత మోహనంలో గాంధారం, అంటే 'గ', ఉన్న చోటికి షడ్జాన్ని, అంటే మిగతా స్వరాలకు ఆధారమైన 'స'ను, జరిపి, శ్రుతి మార్చి, అవే ఐదు స్వరాలను అదే స్థాయిలో మళ్లీ పాడింది. ఆమె గొంతులోంచి కొత్త స్వరం ఒక్కటీ రాలేదు. కాని గదిలో వినిపించింది హిందోళం. దీన్ని గ్రహభేదం అంటారని చెప్పి, "నీలవేణిలో ఏదీ కొత్తగా చేరలేదు, నిలబడిన చోటు మారిందంతే" అంది. అంతవరకు నేను నా పాత్ర చెడిపోయిందనుకున్నాను. ఆ రాత్రినుంచి ఆమెను వెనక్కి తెచ్చే దారి వెతకడం మొదలుపెట్టాను.

ఆ దారి దొరకడానికి ఏడాది పట్టింది. 2018 ఏప్రిల్‌లో, చివరి శనివారానికి రెండు రోజుల ముందు, నలుగురికీ ఒకేసారి ఒక సంగతి తట్టింది. నాలుగేళ్లుగా అందరి కథా నడిపిన సూత్రధారికి సొంత పాత్ర లేదు కాబట్టి ఆమెకు ఎవరమూ పాటలు ఇవ్వలేదు. ఏ రాగమన్న ప్రశ్నకు వీణ మిత్రురాలు క్షణం ఆలోచించకుండా మధ్యమావతి అంది. మోహనంలో రిషభాన్ని, అంటే 'రి'ని, షడ్జం చేసుకుంటే వచ్చేది అదే, కచేరీ చివర పాడుకునేదీ అదే. నలుగురం కలిసి ఏడు పాటలు ఎంచి, అంకెలు వేసి, కార్డును కాగితంలో మడిచి, అమ్మమ్మగారి బైండులో ఆ దొరకని వారం ఉండవలసిన చోట పెట్టి సూత్రధారి చేతికిచ్చాం. ఆమె పొట్లం విప్పి, ఎవరి ఫోను తీసుకోవాలో కూడా చూసుకోకుండా అందిన దానిలో కార్డు వేసి, ఏడు పాటలూ అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రి సంచిలోంచి ఒక్క బిళ్ల కూడా తీయలేదు.

ఈసారి కలుసుకునేటప్పుడు గుంటూరు మిత్రురాలు ఆ బైండు తెస్తానంది. తంబోలా సంచి నా దగ్గరే ఉంది. 17వ నంబరు బిళ్ల ఎప్పుడో పోయింది. దాని బదులు అట్టముక్క మీద సూత్రధారి రాసిచ్చిన అంకె ఇంకా చెరగలేదు.